వాసన రాని మత్తు: కెటమైన్ తరహా డ్రగ్స్ గురించి ఇంట్లో తెలియాల్సినవి

తిరుపతి, చిత్తూరు వైపు డ్రగ్స్ అనగానే గుర్తొచ్చేది గంజాయే. బట్టల వాసన, ఎర్రబడ్డ కళ్లు చూసి అమ్మానాన్నలు పట్టేస్తారు. కెటమైన్, దాని తరహా కొత్త సింథటిక్ మత్తుల సంగతి వేరు. పొగ ఉండదు, వాసన రాదు. పైగా "ఇది మందే కదా" అనే సాకు ఒకటి. మన పిల్లలు చదువుకు, ఉద్యోగానికి వెళ్లే బెంగళూరు, చెన్నైలలో ఏం దొరుకుతుందో ఇంట్లోవాళ్లకు తెలియదు. అందుకే ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

కెటమైన్ మందే, అబద్ధం కాదు. 1962లో అమెరికాలో తయారైంది. చిన్న ఆస్పత్రుల్లో ఆపరేషన్లకు, పశువైద్యానికీ వాడతారు. 2015లో దీనిపై అంతర్జాతీయ నియంత్రణ పెట్టాలని చైనా అడిగితే, పేద దేశాల్లో ఆపరేషన్లకు ఇబ్బంది అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది. మన దేశం 2011లో దీన్ని ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి, 2013లో షెడ్యూల్ ఎక్స్‌లోకి తెచ్చింది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మితే నేరం.

ఆపరేషన్ థియేటర్‌లో పక్కన డాక్టర్ ఉంటారు, డోసుకు లెక్క ఉంటుంది, ఆక్సిజన్ ఉంటుంది. పార్టీలో ఈ మూడూ ఉండవు. మత్తులో ఒంటికీ మనసుకీ సంబంధం తెగినట్టు అవుతుంది. దెబ్బ తగిలినా నొప్పి తెలియదు. మిద్దె మీదో, నీళ్ల పక్కనో, బండి మీదో ఉంటే ప్రాణానికే ముప్పు. మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. 2023 అక్టోబర్‌లో అమెరికన్ నటుడు మాథ్యూ పెర్రీ మరణానికి ప్రధాన కారణం కెటమైనేనని పోస్ట్‌మార్టం తేల్చింది.

తరచూ వాడితే మూత్రాశయం పాడవుతుంది. మాటిమాటికీ మూత్రం, మంట, ఒక్కోసారి రక్తం. వేడి చేసిందిలే అని ఇంట్లో బార్లీ నీళ్లు, మజ్జిగ ఇస్తారు. ఇన్‌ఫెక్షన్ అనుకుని మాత్రలు వాడతారు. అసలు సంగతి పిల్లాడు చెప్పడు, డాక్టర్‌కు తెలియదు. అలా నెలలు గడిస్తే మూత్రాశయం కుంచించుకుపోయి ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు.

ఒకదాన్ని ఆపితే, కొద్దిగా మార్చి ఇంకోటి తెస్తున్నారు. మెథాక్సెటమైన్‌ను 2016లో, 3-మెథాక్సీ పీసీపీని 2021లో ఐక్యరాజ్య సమితి నియంత్రిత జాబితాలో చేర్చింది. మెథాక్సెటమైన్ మత్తు ఆలస్యంగా ఎక్కుతుంది. పని చేయలేదనుకుని మళ్లీ తీసుకున్నవాళ్లు పడిపోతారు. మామూలు మూత్ర పరీక్షల్లో ఇలాంటివి చాలావరకు దొరకవు. విరుగుడు మందు కూడా లేదు.

ఇక మన ఇళ్లలో పెద్ద అడ్డంకి ఇజ్జత్. నలుగురికీ తెలిస్తే చెల్లి నిఖా ఏమవుతుందో, పోలీస్ కేసు అవుతుందేమో అని దాచేస్తారు. కానీ ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ఒక దారి ఇచ్చింది. మత్తుకు అలవాటుపడి, వాడకం లేదా కొద్ది మోతాదు కేసు ఉన్నవాళ్లు, తామంతట తామే ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్లి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఈ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్లకు ఇది వర్తించదు.

కాబట్టి డాక్టర్ దగ్గర దాచొద్దు. తిరుపతి రుయా లాంటి ప్రభుత్వ ఆస్పత్రుల్లో మానసిక వైద్యులను కలవొచ్చు. వ్యసన విముక్తి సలహాకు 14446, డ్రగ్స్ అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి రాష్ట్ర ఈగల్ విభాగం నంబర్ 1972. ఎవరైనా స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఏం తీసుకున్నారో తెలిస్తే అంబులెన్స్ వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాలి.