దిద్దుకొనరాని తీర్పు

మరణశిక్ష ఉండవలెనా, వలదా అను ప్రశ్నపై విజ్ఞులు చిరకాలముగా వాదించుచున్నారు. ప్రాణము తీసినవాడు తన ప్రాణముతోనే ఋణము తీర్పవలెనని కొందరందురు. ప్రాణము పోయలేని ప్రభుత్వమునకు ప్రాణము తీయు హక్కు లేదని మరికొందరందురు. ఈ రెండు వాదములకంటె ముందుగా యోచింపదగిన ప్రశ్న యొకటి కలదు. తీర్పే తప్పయినచో గతి యేమి?

లండను నగరమున తిమోతి ఇవాన్సు అను యువకుడు తన పసికూతును చంపెనను నేరముపై 1950 మార్చి 9వ తేదీన ఉరితీయబడెను. క్రింది వాటాలో నివసించు జాన్ క్రిస్టీయే హంతకుడని అతడు మొరపెట్టుకొనెను, న్యాయస్థానము నమ్మలేదు. ఆ క్రిస్టీయే ప్రభుత్వ పక్షమున ముఖ్యసాక్షి! మూడేండ్లకు, 1953లో, ఆ యింటనే పలువురు స్త్రీల శవములు బయల్పడెను. ఇవాన్సు భార్యను కూడ తానే చంపితినని క్రిస్టీ ఒప్పుకొనెను. 1966లో ప్రభుత్వము ఇవాన్సునకు క్షమాపణ ప్రసాదించెను. కాని దానిని అందుకొనుటకు అతడేడి?

మన దేశమున మరియొక వృత్తాంతము చూడుడు. మహారాష్ట్రమున 2003లో జరిగిన హత్యల విషయమున ఆరుగురికిని ఉరియే తగునని 2009లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. 2019లో ఆ న్యాయస్థానమే పునర్విచారణ జరిపి, ఆ ఆరుగురిని నిర్దోషులుగా విడుదల చేసి, పరిహార మిప్పించెను. వారు జీవించియుండిరి గనుక తప్పు దిద్దుట సాధ్యమయ్యెను. నడుమ పదియేండ్లలో ఉరి అమలు జరిగియున్నచో ఏమయ్యెడిది?

అత్యంత అరుదైన సందర్భములందే మరణశిక్ష విధింపవలెనని 1980లో సుప్రీంకోర్టు శాసించిన మాట నిజమే. అయినను నేర మెంత ఘోరమో ప్రజల ఆగ్రహ మంత తీవ్రము. ఆగ్రహము పెరిగినకొలది విచారణలో తొందర పెరుగును. అనగా తప్పు దొరలు ప్రమాదము అచ్చటనే అధికము.

హతుల బంధువుల దుఃఖమును తేలికగా చూడరాదు. వారికి న్యాయము జరుగవలెను. దోషి శిక్ష ననుభవింపవలెను. కాని నిర్దోషిని ఉరితీసినచో వారికి కలిగిన న్యాయమేమి? అసలు హంతకుడు స్వేచ్ఛగా తిరుగుచునే యుండును. యావజ్జీవ కారాగారము దోషిని బంధించి యుంచును. నిర్దోషికి ద్వారము పూర్తిగా మూయదు.

సోదర విద్యార్థులారా! లెక్కలో తప్పు వచ్చినచో పలక తుడిచి మరల వ్రాయుదుము. మానవుడు పొరపడు స్వభావము కలవాడు, న్యాయాధిపతియు మానవుడే. కావున మరల దిద్దుటకు వీలులేని శిక్షను అతని చేతికి ఇయ్యకుండుటయే వివేకమని నా మనవి.