పసిబిడ్డల యంగీలపై బొమ్మలు

రంజాను నెల తుదిదినములలో పత్తరుగట్టి మొదలు చార్మినారు వఱకు రాత్రివేళ నడచినవారికి ఆ వీథి యెట్లుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు. 1908 నాటి మూసీ వఱద పిమ్మట 1912లో నేర్పడిన నగరాభివృద్ధి సంఘమువారు కట్టించిన రాతి కమానుల క్రింద దుకాణములు, దుకాణముల ముందు బండ్లు, బండ్ల సందున నేలపై పట్టాలు పఱచుకొనిన చిల్లర వర్తకులు. ఈ సంత నంతటిని నేలునది పసిబిడ్డల దుస్తులే. తల్లిదండ్రులు తమ బట్టలకు గంటసేపు బేరమాడుదురు. బిడ్డల బట్టలకు వచ్చునప్పటికి చేయి వదులగును. బోనాలకును దసరాకును ఇదే వీథికి వచ్చు హిందూ కుటుంబములలోను ఈ విషయమున భేదము లేదు.

ఆ కమానుల క్రింద నొక దుకాణమున మేము చూచిన చిన్న సంగతియే ఈ వ్యాసమునకు కారణము. ఆఱేడేండ్ల బాలిక యొకతె స్పైడర్‌మ్యాన్ బొమ్మగల యెఱ్ఱని యంగీ నొకదానిని పట్టుకొని విడువదాయెను. దుకాణదారుడు కఠినుడు కాడు. చిఱునవ్వుతోనే, “వో లడ్కోంకా హై బేటీ” యని యంగీని మెల్లగ లాగికొని, గులాబిరంగు గౌను నొకదానిని ముందు పఱచెను. దానిపై మంచురాణి ఎల్సా బొమ్మయు, చుట్టును చమ్కీలును గలవు. తల్లి యేమియు ననలేదు. బాలిక యొకసారి యంగీవంక చూచి, గౌనును చేతిలోనికి తీసికొనెను. ఏడ్వనైన లేదు. ఏడ్చియుండినచో మేమింతగ కలతపడియుండము.

పత్రికలవారికి వ్రాయుటకు విషయములు కఱవైనవా, దేశమున నిన్ని సమస్యలుండగా పిల్లల చొక్కాలపై బొమ్మలను గూర్చి సంపాదకీయమా యని కొందఱు మిత్రులు నవ్వవచ్చును. వారు నవ్విన పిమ్మట నొక్క సాయంకాలము ఆ వీథికి పోయి రావలెనని కోరుచున్నాము. దుకాణమున నొక ప్రక్క బాలుర దుస్తులు: స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, పరుగెత్తు కార్లు, పిడికిలి బిగించిన ఛోటా భీమ్. కొన్ని యంగీలకు ఱొమ్మునను భుజములను దూది కూరి కండలు గూడ కుట్టియున్నారు. నాలుగేండ్ల బిడ్డడు దానిని తొడిగి మల్లునివలె నడువవలెను, భయపడరాదు, కంట తడి పెట్టరాదు. రెండవ ప్రక్క బాలికల దుస్తులు: రాకుమార్తెలు, బార్బీ, పిల్లికూనలు, సీతాకోకచిలుకలు. అచ్చట బొమ్మలు పరుగెత్తవు. నిలుచుండి తల నొక ప్రక్కకు వాల్చి చూచువారివంక చూచుచుండును. ఏప్రిలు మే నెలల యెండలో నైలాను వలగుడ్డ గౌను తొడిగిన బాలిక గూడ అట్లే నిలుచుండును. పరుగెత్తిన వల చిరుగును, చమ్కీ రాలును, తల్లి కేకలు వేయును.

మఱియొక సంగతి. బాలుర నిక్కర్లకు రెండు జేబులుండును. బాలికల గౌనులలో పెక్కింటికి ఒక్క జేబైనను లేదు. గోళీలు, బలపపు ముక్క, అద్దణా నాటి దినములు పోయినను నేటి అయిదు రూపాయల బిళ్ళ, దారిలో దొరకిన చింతగింజ, ఇవన్నియు బాల్యమునకు ఆస్తి. ఆ ఆస్తిని దాచుకొనుటకు ఒకరికి చోటు పెట్టి వేఱొకరికి పెట్టకపోవుట దర్జీ మఱపు కాదు. జేబు కుట్టుటకు పట్టు గుడ్డ జానెడైనను కాదు.

“ఇది ప్రకృతి, మగబిడ్డలకు నీలము, ఆడబిడ్డలకు గులాబి, అనాదినుండి వచ్చుచున్నదే” యని చెప్పువారు కలరు. అనాది యనగా నెంత కాలమో విచారింతము. 1918లో అమెరికా దేశమున పసిబిడ్డల దుస్తుల వ్యాపారులకొఱకు వెలువడు పత్రిక యొకటి, గులాబి గట్టి రంగు గనుక బాలురకు తగుననియు, నీలము సుకుమారము గనుక బాలికలకు తగుననియు వ్రాసెను. ఆ దేశమునకే అధ్యక్షుడైన ఫ్రాంక్లిను రూజ్వెల్టు రెండున్నర యేండ్ల వయసున 1884లో తీయించుకొనిన ఛాయాపటమున పొడుగు జుట్టుతో గౌను తొడిగి కూర్చున్నాడు. నాడది వింత కాదు. గులాబి ఆడబిడ్డలదను మాట అచ్చటనే స్థిరపడి నూఱేండ్లు నిండలేదు. మనకు దిగుమతియై యెన్నాళ్ళయినది?

మన యిండ్లలో పసిబిడ్డలు మొలత్రాటితో తిరిగినవారు. కొడుకునకు గూడ ముద్దుగ పూలజడ వేసి ఛాయాపటము తీయించిన తల్లులు తెలుగుదేశమున నెందఱో కలరు; పెద్ద పెద్ద ఉద్యోగములు చేసి విశ్రాంతి పొందిన మహాశయుల యిండ్ల గోడలపై అట్టి పటములను మేమే చూచియున్నాము. మన తాతలు చెవుల రవ్వల అంటుజోళ్ళు పెట్టి, చేతుల మురుగులు తొడిగి గ్రామ పంచాయతులు తీర్చిరి. వారి మగతనమును శంకించినవాడు లేడు. ముత్యములకు ప్రసిద్ధమైన ఈ హైదరాబాదున మెడనిండ ముత్యాలహారములు ధరించి దర్బారు తీర్చినవారు నైజాము ప్రభువులు.

ఇంకను పూర్వమునకు పోయినచో, కాకతీయ గణపతిదేవుడు తన కూతురు రుద్రమను రుద్రదేవుడను పురుషనామముతో రాజ్యభారమునకు సిద్ధపఱచెను. శాసనములును ఆమెను రుద్రదేవమహారాజనియే పేర్కొనుచున్నవి. రెండవ నైజాము కాలమున ఈ నగరముననే యుండిన కవయిత్రి మహ్ లఖా బాయి చందా పురుషవేషమున గుఱ్ఱమెక్కి యుద్ధయాత్రలలో ప్రభువు వెంట నడచెనని చెప్పుదురు. ఆమె సమాధి మౌలాలి గుట్ట పాదమున నేటికిని గలదు. ఒకప్పుడు రాచకూతురు సింహాసన మెక్కుటకు పురుషుని పేరు పెట్టుకొనవలసివచ్చెను. అది సంతోషింపదగిన సంగతి యని మేమనము. అయినను ఆ తండ్రికి కూతురి సామర్థ్యమునందు సందేహము లేకపోయెను, అడ్డము లోకముననే యుండెను. నేటి గౌను ఆ యడ్డమును బిడ్డ మనస్సులోనికి కొనిపోవుచున్నది.

ఎల్సాను గూర్చియే యొక మాట చెప్పవలెను. 2013లో వెలువడిన ఆ చలనచిత్రమున ఆమె పెండ్లికై యెదురుచూచు రాకుమార్తె కాదు. మంచును శాసించు శక్తి గలది. కథ యంతయు అక్కచెల్లెండ్ర యనురాగముపై నడచినది. ఆమెకు వరుడే లేడు. ఆ చిత్రమును చూచిన బాలిక మెచ్చినది ఆ శక్తినే యని మా నమ్మకము. గుడ్డపై అచ్చువేసినవాడు మాత్రము శక్తిని విడిచి, నడుమును, జడను, మెఱపును గైకొనెను.

మనవారు చేసిన పని యింతకంటె మేలుగనున్నదా? 2001లో ఈ నగరముననే రాజీవ్ చిలక గారు స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థవారు 2008లో ఛోటా భీమ్‌ను లోకమునకిచ్చిరి. విదేశీయుల బొమ్మలకు మాఱుగ ధోవతి కట్టిన భారతీయ బాలుడు దేశమంతట బిడ్డల హృదయములను గెలిచెను. హైదరాబాదు వారమైన మేమందుకు గర్వించితిమి, గర్వించుచున్నాము. ఆ కథలలో చుట్కీ యను బాలిక గలదు. ఆమె తల్లి టున్‌టున్ మౌసి లడ్డూలు చేయును. లడ్డూ తిన్న భీమునకు బలము వచ్చును. ఆ లడ్డూను సమయమునకు అందించునది చుట్కీ. ఆమెయు సాహసములలో పాల్గొనును, తెలివిగలది, ఒప్పుకొనుచున్నాము. అయినను ఇన్నేండ్లలో ఆ లడ్డూను తానే తిని కొండను పెకలింప వలెనని ఆ బిడ్డకు తోచకుండుట యెట్లో మాకు బోధపడదు.

2020లో భీముడు చుట్కీని విడిచి ఇందుమతీ రాకుమారిని పెండ్లాడుచున్నాడని యొక వదంతి పుట్టెను. చుట్కీకి న్యాయము జరుగవలెనని దేశమంతట నలజడి. పాత్రలన్నియు నింకను పసిబిడ్డలే, పెండ్లి మాట యబద్ధమని ఆ సంస్థవారు ప్రకటింపవలసివచ్చెను. ఇది పరిహాసమునకు మొదలైన గొడవయే కావచ్చును. అయినను పరిహాసమునందు మనస్సు బయటపడును: ఆడబిడ్డకు న్యాయమనగా అందఱికిని తోచినది పెండ్లియే! లడ్డూ పంపకమున న్యాయమును గూర్చి యడిగినవాడు లేడు. బాల్యవివాహములను మాన్పుటకు 1929లో శారదా చట్టమును, 2006లో మఱియొక చట్టమును చేసికొనిన దేశమిది.

ఇక వర్తకము సంగతి. మా పాఠకులలో భూవసతి గలవారు, సంసారము నడిపినవారు పెక్కండ్రు. ఒకప్పుడు అన్న తొడిగి విడిచిన యంగీ చెల్లెలికి, చెల్లెలు విడిచినది తమ్మునికి, పిమ్మట పాలేరు బిడ్డకు వచ్చెడిది. గుడ్డకు రంగును, రంగునకు లింగమును కట్టినచో ఈ వరుస తెగిపోవును. కొడుకు యంగీ కూతురికి పనికిరాదు. ఒక యింట రెండు మాఱులు కొనవలెను. తిరుపూరు బనీను గుడ్డయైనను, కలకత్తా మెటియాబ్రూజు దర్జీల కుట్టైనను, గుడ్డ అదే, కూలి అదే. బొమ్మ మాఱుటతో బేరము రెట్టింపగుచున్నది. డిస్నీ సంస్థవారు 2000 ప్రాంతమున తమ వేర్వేఱు కథలలోని రాకుమార్తెల నొక్క గుంపుగ చేర్చి అమ్మ మొదలిడినదియు బాలికల మేలు కోరి కాదు.

దీనివలన హాని యేమి? 2017లో ‘సైన్సు’ పత్రికలో లిన్ బియాన్, సారా జేన్ లెస్లీ, ఆండ్రే సింపియన్ అను పండితులు ప్రకటించిన పరిశోధన యొకటి గలదు. అయిదేండ్ల బాలికలు మిక్కిలి తెలివిగలవారు ఆడువారే యని బాలురతో సమానముగ పలికిరి. ఆఱు నిండునప్పటికే ఆ ధైర్యము తగ్గినది. మిక్కిలి తెలివిగల బిడ్డలకని చెప్పిన యాటలనుండి వారు వెనుకకు తగ్గిరి. ఆ పరీక్ష అమెరికా బిడ్డలపై జరిగినది; అంగీల మూలముననే ఆ మార్పు గలిగెనని వారనలేదు, మేము ననము. కాని ఆ దేశముననే 2011లో నొక పెద్ద దుకాణమువారు, నేను చాల అందగత్తెను గనుక పాఠములు మా యన్న చేయవలెనను భావముగల యంగీని బాలికల కమ్మజూచి, జనులు మండిపడగా మానుకొనిరి. 2016లో గ్యాప్ సంస్థవారు బాలుని ఐన్‌స్టీను బొమ్మగల యంగీతో చిన్ని పండితుడనియు, బాలికను కబుర్లాడి తిరుగు సీతాకోకచిలుక యనియు ప్రకటించి నవ్వులపాలైరి. ఆ యంగీపై ఐన్‌స్టీను పేరు గూడ తప్పుగ నచ్చయ్యెనట. పండితునికి తగిన శిక్ష. 2017లో ఇంగ్లండున జాన్ లూయిసు దుకాణములవారు తమ సొంత బిడ్డల దుస్తులపై బాలురవి, బాలికలవి యను చీటీలను తీసివైచిరి.

“ఇదంతయు పాశ్చాత్యుల రగడ, మనకేల?” యందురు. అంగీలు వచ్చునపుడు అడుగని ప్రశ్నను అంగీలపై ఆక్షేపణ వచ్చునపుడే అడుగుట న్యాయము కాదు. మఱికొందఱు, పాతనగరమున లజ్జా మర్యాదలకు భంగము గలుగునని శంకింతురు. బిడ్డలు మోకాలు కప్పుకొనవలెనా, తల కప్పుకొనవలెనా యనునది ఆయా కుటుంబముల యాచారము; మేమందు జోక్యము చేసికొనము. నిండు చేతుల కుర్తాపై గూడ పరుగెత్తు బాలిక బొమ్మ వేయవచ్చును, జేబు కుట్టవచ్చును.

బొమ్మలకు మనకు కొదువయా? మిథాలీ రాజ్ రెండు ప్రపంచకప్పు తుదిపోటీలకు, 2005లోను 2017లోను, భారత జట్టును నడిపినది. సానియా మీర్జా 2015లో వింబుల్డను జంటల పోటీ గెలిచినది. సింధు 2016లో రియోలో రజతము తెచ్చినది. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లోను 2023లోను ప్రపంచ బాక్సింగు విజేత. వారి యనుమతి గైకొని, తగిన ప్రతిఫలమిచ్చి, వారి బొమ్మలతో అన్ని పరిమాణముల యంగీలు కుట్టించు వర్తకుడు ఒక్క రంజానులోనే తన లాభమును చూచుకొనగలడు. గ్రీన్ గోల్డువారిని మేము కోరునది యింకను చిన్నది: చుట్కీ చేత లడ్డూ తినిపింపుడు, ఆ బొమ్మను యంగీపై వేయుడు.

ఆ కమానుల క్రింది దుకాణదారుని మేము మరల కలిసికొని, బాలురవి బాలికలవి యని రెండు ప్రక్కల వేయక, వయసును పరిమాణమును బట్టి వ్రేలాడదీయరాదా యని యడిగితిమి. ఆయన కొంతసేపు ఆలోచించి, “అట్లయిన స్థలము గూడ కలిసివచ్చును” అని యొప్పుకొనెను. అంతలో గిరాకీ వచ్చుటచే, “ఈద్ కే బాద్ ఆవో సాబ్” అనెను. ఈదు గడచినది, ఈ వారము పోవుచున్నాము.