నాయనకు తొడిగిన కోటు

ఆదోనిలో ఛాయాచిత్రాల సంగతి బాగా తెలిసిన పెద్దమనిషి ఒకరికి ఈ మధ్య నేను తీసిన బొమ్మలు పన్నెండు చూపించాను. తీసింది నేనే, అందులో ఉన్నదీ నేనే. ఆయన రెండు చూసి, మిగిలిన పదీ చూడకుండానే నవ్వి, "ఈ వయసులో మీకీ సెల్ఫీల పిచ్చి ఏమిటి సార్? ఆ కెమెరా పట్టుకొని రణమండల కొండెక్కండి. కోట తీయండి, సూర్యోదయం తీయండి" అన్నారు. మనసు చివుక్కుమన్న మాట నిజమే. అయితే ఈ అభిప్రాయం ఆయన ఒక్కరిదే కాదు, మనలో చాలామందిదీ అదే. అందుకే ఈ టపా. కాస్త ఘాటుగా ఉంటే మిత్రులు మన్నించాలి.

మొదటి అభియోగం: ఇది ఆత్మవ్యామోహం. ఇరవై ఏళ్ళుగా జాలంలో "నేను", "నా బాల్యం", "నా జ్ఞాపకాలు" అని పుంఖానుపుంఖంగా రాసుకుంటున్న మనం ఈ మాట అనడం నాకు వింతగా తోస్తుంది. కలంతో తన్ను తాను రాసుకుంటే సాహిత్యం, కటకంతో తన్ను తాను చూసుకుంటే పిచ్చి! రెంబ్రాంట్ తన ముఖాన్ని రంగుల్లోనే నలభై సార్లు దాకా చిత్రించుకున్నాడు, ముసలితనంలో ఉబ్బిన ముక్కుతో సహా. తన్ను చూసి తాను మురిసిపోయేవాడు ఆ ముక్కును అలా వదలడు.

ఛాయాచిత్రకళ పుట్టుకలోనే ఈ పని ఉంది. 1839లో ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కోర్నీలియస్ అనే దీపాల వ్యాపారి కొడుకు తన పెట్టె కెమెరా ముందు తానే కదలకుండా నిలబడి తన బొమ్మ తీసుకున్నాడు. మరుసటి ఏడు పారిస్‌లో ఇపొలీత్ బయార్ చేసిన పని నాకింకా ఇష్టం. డగేర్‌తో పాటే తానూ ఒక పద్ధతి కనిపెట్టినా, ప్రభుత్వం డగేర్‌ను మాత్రమే ఆదరించిందన్న ఉక్రోషంతో, నీట మునిగి చచ్చిన శవంలాగా కళ్ళు మూసుకొని, చొక్కా లేకుండా కూర్చొని తన బొమ్మ తీసుకున్నాడు. వెనుక తన గోడు రాసుకున్నాడు. దాన్ని వ్యామోహం అందామా? అది అర్జీ.

ఇక రెండో మాట, "కొండలు తీయండి, మనుషులను తీయండి, ముందు నేర్చుకోండి" అన్నది. కొత్తగా నేర్చుకునేవాడికి తనకంటే అనువైన మనిషి ఎక్కడ దొరుకుతాడండీ? విసుక్కోడు, డబ్బడగడు, బొమ్మ చెడితే బాధపడేదీ తానే. పరాయివాళ్ళ ముఖాల మీద ప్రయోగాలు చేసే హక్కు మనకెవరిచ్చారు?

ఈ ప్రశ్న ఊరికే అడగడం లేదు. మా ప్రాంతానికి ఒక చరిత్ర ఉంది. 1876-78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేసిన కరువు నాటికి ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది (1953లో గదా మేము కర్నూలు వాళ్ళమయ్యాం). ఆ కరువులో హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్ళైన మనుషులను వరుసగా కూర్చోబెట్టి బొమ్మలు తీశాడు. తీసినవాడి పేరు నేటికీ నిలిచింది. కూర్చున్నవాళ్ళలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. ఆకలితో ఉన్నవాళ్ళను బొమ్మ కోసం కూర్చోబెడతావా అని ఆనాడే అతన్ని దుయ్యబట్టారు. నేటికీ కోసిగి, కౌతాళం వైపు నుంచి జనం సుగ్గికి పోతే పత్రికల్లో వచ్చేది అదే బొమ్మ: తాళం వేసిన తలుపు, గడపలో ముసలమ్మ. అవి అబద్ధాలని నేననను, అవి రావలసినవే. కాని ఆ ముసలమ్మ తన బొమ్మ తానే తీసుకునే పక్షంలో ఎక్కడ కూర్చునేది, ఏ చీర కట్టుకునేది, అసలు గడపలో కూర్చునేదా?

మాది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. 1938లో మాచాని సోమప్పగారు పెట్టిన చేనేత సహకార సంఘం ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బొమ్మ మా ఊళ్ళో తెలియనివారుండరు. మా నాయన బొమ్మ మాత్రం మా ఇంట్లోనే సరిగా లేదు. ఆయన పోయాక వెతికితే దొరికింది ఓటరు కార్డు ఒక్కటే. దాన్ని తీసుకుపోయి ఒక స్టూడియోలో పెద్దది చేయించాం. వాళ్ళు నాయనకు నీలం కోటు తొడిగారు, టై కట్టారు. జన్మలో కోటు ఎరగని మనిషి! అంతటితో ఆగినా బాగుండేది. గుంత మగ్గంలో ముప్పై ఏళ్ళు కూర్చొని నాడె తాడు లాగి లాగి ఆయన కుడి భుజం కిందికి జారి ఉండేది. వాళ్ళు రెండు భుజాలూ సమం చేసేశారు. గోడ మీద ఉన్నది ఎవరో మర్యాదస్తుడు. దండ వేస్తున్నాం, నేనూ వేస్తున్నాను.

నా పన్నెండు బొమ్మలూ గొప్పవని అనడం లేదు. తొమ్మిది పనికిరానివే. తొలి వారం తల చేతుల్లో పెట్టుకొని దుఃఖం అభినయించాను. చూస్తే పాత నాటకం వాల్‌పోస్టరులాగా ఉంది. పది సెకన్ల టైమరు నొక్కి పరుగెత్తుకుపోయి కూర్చుంటే, ముఖంలో ఆయాసం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఫోకస్ ఎప్పుడూ నా వెనుక సున్నం గోడ మీదే. ఆ తరువాత కుర్చీలో దిండు నిలబెట్టి, దాని మీద ఫోకస్ కుదిర్చి, దాన్ని తీసి నేను కూర్చోవడం నేర్చుకున్నాను. మా పాత మట్టిమిద్దెకు గవాచి ఉంది. పగలు పదకొండు గంటల వేళ దాంట్లోంచి వెలుగు నిలువునా దిగుతుంది. ఏ స్టూడియో దీపమూ దానికి సాటిరాదు. ఫ్లాష్ మానేశాను. నవ్వడం మానేశాను. షట్టరు ఒక సెకను తెరిచి ఉంచితే ఊపిరి తీసిన మేరకు ఛాతీ చెదిరి పడుతుంది, అదీ ఉండనిచ్చాను.

పదో బొమ్మలో చొక్కా లేకుండా, కెమెరాకు వీపు పెట్టి కూర్చున్నాను. తెర మీద చూసుకున్నప్పుడు కాసేపు నాకు నోట మాట రాలేదు. కుడి భుజం కిందికి జారి ఉంది. నేను మగ్గం వదిలి ముప్పై ఏళ్ళు దాటింది, మొత్తం మీద నేసింది ఆరేళ్ళకు మించదు. అయినా ఉంది. స్టూడియోవాళ్ళు గోడ మీద చెరిపేసినది నా వీపు మీద మిగిలిపోయింది. ఏ అద్దమూ నాకది ఇన్నాళ్ళు చూపలేదు. అద్దం ముందు ఎవరైనా ఎదురుగానే నిలబడతాం గదా.

పెద్దమనిషిగారు చూడకుండా వదిలేసిన పదింటిలో అది ఒకటి. కోట ఎక్కడికీ పోదండీ, సూర్యుడు రేపూ ఉదయిస్తాడు, వాటిని తీసేవాళ్ళకు కొదవ లేదు. నా వీపు సంగతి నేను కాక ఎవరు చూస్తారు?

మా ఆవిడ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "నీదీ ఒకటి తీయనా?" అని అడిగాను.

"నువ్వు తీసేదేంది? ఆ బటన్ ఏదో చూపించు" అంది. చూపించాను. కుర్చీని గవాచి కిందికి తానే జరుపుకుంది. "పది లెక్కపెట్టేలోపల పోయి కూచోవల్ల, అంతేనా?"

"అంతే."

"అయితే నువ్వు బయటికి పో. నువ్వుంటే నాకు రాదు" అని తలుపు దగ్గరికి వేసుకుంది.