మోషన్స్‌కి ఆ ఇంజెక్షన్ దేనికి? అడుగుదాం



పోయిన వానాకాలం తిరువూరులో మా హాస్టల్ తమ్ముడొకడికి నీళ్ల విరేచనాలైతే ఒక ఆసుపత్రిలో చేర్పించాం. రక్తం పడలేదు, జ్వరం లేదు. అయినా మోషన్ టెస్ట్ కూడా చేయకుండానే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు, మెట్రోనిడజోల్ సీసాలు ఎక్కించారు. బిల్లు కట్టడానికి తండాలో వాళ్ల నాన్న రెండు మేకలు అమ్ముకున్నాడు.

తప్పంతా డాక్టర్లదే అని మేము అనం. ఇంజెక్షన్ వేయకపోతే "ఇదేం వైద్యం" అనేది కూడా మనోళ్లే.

నీళ్ల విరేచనాలు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. ప్రాణం తీసేది ఒంట్లో నీరు, ఉప్పు పోవడం. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ నిండుకుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఓఆర్‌ఎస్ తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

రక్త విరేచనాలు, కలరా, టైఫాయిడ్ వేరు. వాటికి డాక్టర్ రాస్తే యాంటీబయాటిక్ చెప్పినన్ని రోజులూ వాడాల్సిందే. అవసరం లేకుండా వాడితే మాత్రం పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి విరేచనాలు ఇంకా పెరగొచ్చు. మందుకు లొంగని క్రిములు మిగులుతాయి. రేపు నిజంగా టైఫాయిడ్ వస్తే అదే ఇంజెక్షన్ పనిచేయకపోవచ్చు.

తండాల్లో మందుల చీటీ చదవగలిగేది మనమే. మనోళ్లు ఆసుపత్రిలో చేరితే పక్కన ఉండి మర్యాదగా మూడు మాటలు అడుగుదాం. ఈ యాంటీబయాటిక్ దేనికండీ? టెస్ట్ ఏమైనా చేశారా? ఎన్ని రోజులు వాడాలి?

ఈసారి ఊరికి పోయేటప్పుడు బ్యాగులో నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి.