పెట్టెపై హెచ్చరిక, పిల్లలకు విడి సిగరెట్టు

పొగాకు నియంత్రణ చట్టాల వల్ల ఒరిగిందేమీ లేదని వాదించేవారు ఉన్నారు. వైద్యునిగా నేను ఆ మాటను అంగీకరించను. జాతీయ సర్వేల ప్రకారం 13–15 ఏళ్ల విద్యార్థులలో పొగాకు వాడేవారు 2009లో 14.6 శాతం, 2019లో 8.5 శాతం. ప్రకటనలపై నిషేధం, పన్నుల పెంపు, 2016 నుండి పెట్టెపై 85 శాతం మేర ముద్రిస్తున్న హెచ్చరికలు ఇందుకు తోడ్పడ్డాయని నా విశ్వాసం.

అయితే మన మఠంపల్లి వంటి చోట్ల, సిమెంటు లారీలు ఆగే దారుల వెంట వెలసిన పాన్ డబ్బాలలో సిగరెట్టు విడిగా దొరుకుతుంది. పెట్టె కొనని బాలుడు దానిపై ఉన్న బొమ్మను చూడడు. పన్ను ఎంత పెరిగినా ఒక్క సిగరెట్టుకు అతని జేబులోని చిల్లర చాలుతుంది. చట్టంలోని రెండు పదునైన ఆయుధాలూ అక్కడే మొద్దుబారుతున్నాయి. కౌమారంలో మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. నికోటిన్‌కు త్వరగా బానిస అవుతుంది. ఆ వయసులో పట్టుకున్నది చాలామందిని నడివయసులోనూ వదలదు.

హుక్కా కేంద్రాలను నిషేధిస్తూ 2024 ఫిబ్రవరిలో మన శాసనసభ బిల్లును ఆమోదించడం హర్షణీయం. కానీ అది ప్రధానంగా నగరపు బెడద. పల్లె బెడద విడి అమ్మకం. మహారాష్ట్ర 2020లోనే దానిని నిషేధించింది. మన రాష్ట్రమూ ఆ మార్గాన్ని కట్టుదిట్టంగా అనుసరించాలి.

పద్దెనిమిదేళ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనీ, విద్యాసంస్థకు నూరు గజాల లోపల అసలే అమ్మరాదనీ 2003 నాటి చట్టం శాసించింది. ఉల్లంఘిస్తే జరిమానా రెండు వందల రూపాయల వరకే. 2015 నాటి బాలల న్యాయ చట్టమేమో పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగారం విధిస్తుంది. మొదటిదానికి ఎవరూ భయపడరు. రెండవదాన్ని పొరుగున ఉన్న చిరువ్యాపారిపై ప్రయోగించడానికి ఎవరికీ మనసొప్పదు. కనుక మధ్యేమార్గం కావాలి. పొగాకు అమ్మకానికి పంచాయతీ లైసెన్సు ఉండాలి. పిల్లలకు అమ్మితే అది రద్దు కావాలి.

చిరువ్యాపారి పొట్ట కొట్టమని నేను అనడం లేదు. బడి దగ్గర బిస్కెట్లు, నోటు పుస్తకాలు అమ్ముకోవచ్చు. నూరు గజాలు కొలిచి గీత గీయడానికి ఉపాధ్యాయులకు, సర్పంచికి ఒక్క పూట చాలు.

తల్లిదండ్రులకు ఒక మనవి. బీడీకట్ట తెమ్మని కొడుకును కొట్టుకు పంపకండి. అలా వెళ్లిన బిడ్డను పొమ్మనడం దుకాణదారు వల్ల కాదు. వయోపరిమితి అమలు మన గడపలోనే మొదలవ్వాలి.