కుంతాల నుంచి మీ కుళాయి దాకా

పిల్లలూ! ఆఫ్రికా ఖండంలో, ఉగాండా దేశంలో మర్చిసన్ జలపాతం వున్నది. అక్కడ మహానది నైలు ఏడు మీటర్ల వెడల్పు రాతి సందులో ఇరుక్కుని, 43 మీటర్ల లోతుకు దూకుతుంది. దాని చుట్టూ వున్న అడవిని 1952లో రక్షిత వనంగా చేశారు. అక్కడ ఏనుగులు, నీటిగుర్రాలు, సింహాలు తిరుగుతాయి. బొమ్మల్లో చూసినప్పుడు, "అబ్బ, మనమూ పోగలిగితే!" అనిపిస్తుంది, అవునా?

పోవచ్చు. ఓడ ఎక్కనవసరం లేదు, సికిందరాబాదు స్టేషనులో రైలు ఎక్కితే చాలు. అంత ఎత్తు నుంచి దూకే జలపాతమూ, అడవి మృగాలూ మన దగ్గరే వున్నాయి.

రైలు కాజీపేట, పెద్దపల్లి, రామగుండం దాటి, గోదావరి వంతెన మీదుగా మంచిర్యాల చేరుతుంది. ఈ వంతెనను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని మాట వస్తుంది. మంచిర్యాలలో దిగి, లక్షెట్టిపేట మీదుగా బస్సులో జన్నారం చేరితే, అక్కడి నుంచి కవ్వాల్ అడవి. దీన్ని 2012లో పులుల రక్షిత వనంగా ప్రకటించారు. అడవి శాఖవారి బండిలో కూర్చుని లోపలికి పోవచ్చు.

రెండు వైపులా టేకు చెట్లు, వెదురు పొదలు. దుప్పుల మందలు చెవులు నిక్కబొడుచుకుని మనని చూస్తాయి. అదృష్టం వుంటే మనుబోతులు, అడవి దున్నలు కనిపిస్తాయి. ఎలుగుబంట్లు, చిరుతలు, రేచుకుక్కలు కూడా ఈ అడవిలో వున్నాయి.

మరి పులి? మహారాష్ట్రలోని తాడోబా అడవి నుంచి పులులు ఇటు వస్తుంటాయి. కాని వచ్చిన పులి ఇక్కడ స్థిరపడటం కష్టంగా వున్నది. పులికి మూడు కావాలి: కడుపునిండా వేట, తాగటానికి నీరు, మనుషుల సందడి లేని చోటు. ఆ మూడూ దొరికితేనే అది కాపురం పెడుతుంది. వైద్యుడు నాడి పట్టి ఒంటి సంగతి చెప్పినట్టు, పులిని బట్టి అడవి సంగతి చెప్పవచ్చు.

ఇక జలపాతం చూద్దాం. జన్నారం నుంచి కడెం, నిర్మల్ మీదుగా నేరడిగొండ వైపు పోతే కుంతాల వస్తుంది. వందలకొద్దీ మెట్లు దిగుతూ వుంటే, నీళ్ళు కనపడక ముందే హోరు వినపడుతుంది. కడెం నది సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి నల్లని బండల మీదుగా దూకుతుంది. శకుంతల పేరు మీదనే దీనికి కుంతాల అని పేరు వచ్చిందని అక్కడివారు చెబుతారు. శివరాత్రికి ఇక్కడి సోమేశ్వరుణ్ణి చూడటానికి జనం విరగబడి వస్తారు.

ఒక్క మాట! ఇక్కడ నీళ్ళలో దిగకండి. పైకి నిశ్చలంగా కనిపించే మడుగు అడుగున లోతైన గుండాలు వున్నాయి. ఈత వచ్చినవారు కూడా ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. దూరం నుంచి చూసినా అందం తగ్గదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. వాన కురిసేది కొన్ని నెలలే కదా, వాన వెలిసిన తరువాత కూడా ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ఇంట్లోనే తెలుసుకోవచ్చు. రెండు పాత పళ్ళాలలో మట్టి నింపండి. ఒకదాన్ని అలాగే వదిలి, రెండోదాని మీద ఎండుటాకులు దట్టంగా పరవండి. రెండింటినీ ఒక పక్క ఇటుక పెట్టి ఏటవాలుగా నిలిపి, కింది అంచు దగ్గర గిన్నెలు వుంచండి. రెండింటి మీదా ఒక్కొక్క చెంబు నీళ్ళు సన్నగా పొయ్యండి. ఉత్త మట్టి మీది నీరు బురదగా పరుగెత్తి గిన్నెలో పడుతుంది. ఆకుల కింది మట్టి చాలా నీటిని తాగి, మిగిలినదాన్ని మెల్లగా, తేటగా వదులుతుంది.

అడవి చేసే పని ఇదే. కొమ్మలు వాన దెబ్బను కాచుకుంటాయి. రాలిన ఆకులు నీటి పరుగును ఆపుతాయి. వేళ్ళు నేలను గుల్లచేసి నీటిని లోపలికి పంపుతాయి. ఆ నీరే తరువాత ఊటలుగా వాగుల్లోకి వస్తుంది. అడవి పోతే, వానలప్పుడు వరదా, తరువాత ఉత్త రాళ్ళూ మిగులుతాయి.

కుంతాలలో దూకిన నీరు ఎక్కడికి పోతుంది? కడెం ప్రాజెక్టు దాటి గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి మీద, మీ రైలు దాటిన వంతెనకు ఎగువన, ఎల్లంపల్లి జలాశయం వున్నది. 2015 నుంచి అక్కడి నీరే పెద్ద పెద్ద గొట్టాలలో జంట నగరాలకు వస్తున్నది! మీరు కుళాయి తిప్పి లోటా నింపుకున్నప్పుడు, అందులో కుంతాల చుక్క ఒకటి వుండవచ్చు.

ఈ అడవి ప్రశాంతంగా వుండాలని, లోపల వున్న మైసంపేట, రాంపూర్ గూడేలవారు 2024లో తమ ఇళ్ళు విడిచి, వెలుపల కట్టించిన ఇళ్ళకు పోయారు. పుట్టిన చోటు విడవటం తేలికైన పని కాదు. వారు అంత విడిచినప్పుడు, మనం బండిలో ఒక గంట కేకలు మానలేమా? బిస్కట్ల కాగితం తిరిగి సంచీలో వేసుకోలేమా?

వానాకాలంలో అడవి లోపలికి రానివ్వరు. దసరా, దీపావళి రోజుల్లో అడవి దారులు తెరిచే వుంటాయి, జలపాతంలో నీళ్ళూ వుంటాయి. అమ్మానాన్నలను అడిగి బయలుదేరండి. అంతవరకూ పళ్ళాలతో పరీక్ష చేసి చూడండి. రెండు గిన్నెలలో ఏ నీరు తేటగా వున్నదో మీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చూపించండి.