లెక్క వెలగపూడిలో, చిల్లర కష్టం కోడూరులో

మార్చి 13న రిజర్వ్ బ్యాంకు సేవింగ్స్ ఖాతాల్లోంచి డబ్బు తీసుకోవడంపై మిగిలిన ఆంక్షలు కూడా ఎత్తేసింది. సరిగ్గా రెండు రోజులకు, మార్చి 15న, వెలగపూడి కొత్త అసెంబ్లీలో ఆర్థిక మంత్రి యనమల రామకృష్ణుడు 2017-18 బడ్జెట్ చదివారు. విభజన తర్వాత మన రాష్ట్రం గడ్డ మీద ప్రవేశపెట్టిన మొదటి బడ్జెట్ ఇది. మొత్తం 1,56,999 కోట్లు. టీవీ చర్చలన్నీ ఎవరికెంత ఇచ్చారన్న దాని చుట్టూనే తిరిగాయి. నాలుగు నెలలు జనం చేతిలో నోటు లేకుండా చేసిన తర్వాత ఈ డబ్బంతా ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించలేదు.

ఆ ప్రశ్నను అసెంబ్లీలో కాకుండా దివిసీమ చివర, కోడూరులో నిలబడి అడిగితే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది.

నవంబరు 8 రాత్రి 8 గంటలకు ప్రధాని 500, 1000 నోట్లు చెల్లవని ప్రకటించారు. దేశంలో చలామణిలో ఉన్న డబ్బులో విలువ లెక్కన 86 శాతం ఆ రెండు నోట్లే. ఢిల్లీలో అది ఒక తేదీ మాత్రమే. కృష్ణా డెల్టాలో మాత్రం వరి పంట చేతికొచ్చే వేళ. కోత మిషన్‌కు గంట లెక్కన డబ్బివ్వాలి, కుప్ప నూర్చాలి, కూలీలకు ఏ రోజు డబ్బు ఆ రోజే చేతిలో పెట్టాలి. అంతేనా, వరి చేలో కోతకు ముందే మినుము చల్లాలి. పదును ఆరిపోతే మినుము మొలవదు. బ్యాంకులో డబ్బు వచ్చేదాకా ఆగమంటే నేల ఆగదు కదా.

పాత 500 నోట్లతో ప్రభుత్వ సంస్థల దగ్గర విత్తనాలు కొనుక్కోవచ్చని కేంద్రం నవంబరు 21న చెప్పింది. అప్పటికి దాదాపు రెండు వారాలు గడిచాయి. ఇంతలో నవంబరు 14న రిజర్వ్ బ్యాంకు ఇంకో దెబ్బ కొట్టింది. జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు పాత నోట్లు తీసుకోకూడదు, మార్చకూడదు అంది. నల్లడబ్బు అందులో దాక్కుంటుందని అనుమానం. పల్లెల్లో చిన్న రైతుకు తెలిసిన బ్యాంకు అదే. మచిలీపట్నం కేంద్రంగా నడిచే కృష్ణా జిల్లా సహకార బ్యాంకు, దాని కింద ఊరూరా ఉన్న సొసైటీలు, ఇవే అతనికి అప్పిచ్చేవి, ఎరువులిచ్చేవి. సొసైటీ బాకీ కట్టడానికి చేతిలో డబ్బున్నా ఆ నోటు చెల్లదు. తర్వాత పంట అప్పులు కట్టడానికి 60 రోజుల గడువు పెంచారు, డిసెంబరు 31న సహకార అప్పుల మీద 60 రోజుల వడ్డీ మాఫీ అన్నారు. మంచిదే. కానీ సొసైటీలో అప్పు పుట్టని కౌలు రైతుకు ఆ మాఫీ ఎక్కడిది? అతని అప్పంతా వడ్డీ వ్యాపారి దగ్గర, లేదంటే ఎరువుల కొట్టు ఖాతా పుస్తకంలో ఉంటుంది. అక్కడ రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్లు చెల్లవు.

ధాన్యం ధర కూడా చూద్దాం. 2016-17లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 1,470, ఏ గ్రేడుకు 1,510. మన దగ్గర లెక్క బస్తాల్లో కాబట్టి 75 కిలోల బస్తాకు సుమారు 1,102, 1,132 రూపాయలు పడేవి. కొనుగోలు కేంద్రానికి వెళ్తే ఆ ధర వచ్చేది, కానీ డబ్బు ఖాతాలో పడాలి, పడినా వారానికి ఇంత అని పరిమితి ఉండేది. కళ్లం దగ్గరే నోట్లు ఇచ్చేవాడు ధర తగ్గించి అడుగుతాడు. కూలీలు ఎదురు చూస్తుంటే రైతు ఎటు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు. ఆ తగ్గిన వంద, వంద యాభై ఏ బడ్జెట్ పుస్తకంలోనూ నష్టంగా కనబడదు.

ఇక్కడే ప్రభుత్వం చెప్పే వృద్ధి అంకె దగ్గరికి రావాలి. 2016-17లో రాష్ట్రం 11.61 శాతం పెరిగిందని అప్పటి సామాజిక ఆర్థిక సర్వే చెప్పింది. దేశం మొత్తానికి కేంద్రం చెప్పిన అంచనా 7.1 శాతం. నోట్లు రద్దయిన ఏడాదిలో ఇంత వృద్ధా అని చాలామంది నవ్వారు. నవ్వాల్సిన పని లేదు, అలాగని అంకెను నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. ఆ వృద్ధిలో పెద్ద భాగం వ్యవసాయ రంగానిది, అందులోనూ చేపలు, రొయ్యలది. అది అబద్ధం కాదు. కైకలూరు నుంచి మన కోడూరు, నాగాయలంక దాకా చెరువులు చూసినవాళ్లకు తెలుసు. కానీ ముందస్తు అంచనా లెక్క ఎంత పండింది, ఎంత పట్టారు అన్నదాని మీద నడుస్తుంది. పండించినవాడికి ఎంత ముట్టింది, ఎప్పుడు ముట్టింది అన్నది అందులో ఉండదు. రొయ్య ఎగుమతిదారుకు డబ్బు బ్యాంకులోనే వస్తుంది, అతనికి పెద్ద ఇబ్బంది లేదు. చెరువు మీద కాపలా ఉండేవాడికి, పట్టుబడికి వచ్చే కూలీకి, చిన్న చేపలు గంపలో పెట్టుకుని అవనిగడ్డ బజారుకు వెళ్లే ఆమెకు నోటే ఆధారం. అసంఘటిత రంగం నష్టాన్ని నేరుగా కొలిచే పద్ధతి ఇంత త్వరగా తయారయ్యే అంచనాల్లో లేదు. పెద్ద కంపెనీల లెక్కలు చూసి చిన్నవాళ్లూ అంతే పెరిగి ఉంటారని అనుకుంటారు.

ఆ 11.61 ప్రభుత్వానికి గొప్ప చెప్పుకోవడానికే అనుకుంటే పొరపాటు. దాని వెనక అప్పు లెక్క ఉంది. రాష్ట్రం చేసే అప్పుకు హద్దు రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం చుట్టూ ఉంటుంది. ఉత్పత్తి ఎంత పెద్దగా కనిపిస్తే ఆ 3 శాతం అంత పెద్ద మొత్తం అవుతుంది. 2017-18కి ద్రవ్యలోటు 23,054 కోట్లు చూపించారు, అంటే దాదాపు అంత అప్పు తెస్తామన్నట్టు. మూలధన వ్యయం, అంటే ప్రాజెక్టులు, రోడ్లు, భవనాలు, అప్పుల అసలు తీర్చడం లాంటివి, 31,087 కోట్లు.

అసలు నాజూకు ఉన్నది రెవెన్యూ ఖాతాలో. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సంక్షేమం అన్నీ కలిసి రెవెన్యూ ఖర్చు 1,25,912 కోట్లు. లోటు మాత్రం 416 కోట్లే అన్నారు. అంటే ఆదాయం సుమారు 1,25,500 కోట్లు వస్తుందని నమ్మారు. ఆ ఆదాయం నూటికి ఒక్క రూపాయి తగ్గిందనుకోండి, 1,255 కోట్లు పోతాయి. 416 కోట్ల లోటు అప్పుడు 1,670 కోట్లు దాటుతుంది, నాలుగింతలు. నూటికి రూపాయి తేడా మామూలు ఏడాదిలోనే వస్తుంది. ఆ ఏడాది మామూలుది కాదు.

మరి నవంబరులోనే ఆదాయం కుప్పకూలాలి కదా, ఎందుకు కూలలేదు అని అడగొచ్చు. కొంత వరకు పాత నోట్లే కాపాడాయి. పెట్రోలు బంకుల్లో డిసెంబరు 2 దాకా పాత 500 చెల్లింది. ఇంటి పన్ను, కరెంటు బిల్లు పాత నోట్లతో కట్టనిచ్చారు, ఏళ్ల నాటి బాకీలు వచ్చి పడ్డాయి. అది ఒకసారి వచ్చే డబ్బు, మళ్లీ రాదు. భూముల రిజిస్ట్రేషన్లు మాత్రం చేతిలో నోటు మీదే నడిచే వ్యవహారం అని అందరికీ తెలిసిన రహస్యం. అది కోలుకుంటే కానీ స్టాంపుల ఆదాయం కోలుకోదు.

2017 జులై నుంచి జీఎస్టీ వచ్చింది. ఇక్కడ రాష్ట్రానికి ఒక అదృష్టం ఉండేది. నష్టపరిహారానికి 2015-16 ఆదాయాన్ని ఆధారం చేసుకుని ఏడాదికి 14 శాతం పెరుగుదల లెక్కన, తగ్గితే కేంద్రం అయిదేళ్లు పూడుస్తుందని కౌన్సిల్‌లో ఒప్పుకున్నారు. నోట్లు రద్దయిన ఏడాదిని ఆధారంగా తీసుకుని ఉంటే రాష్ట్రాలు మునిగేవి. కానీ జీఎస్టీ బయట మిగిలేవి ఏమిటి? మద్యం, పెట్రోలు, డీజిల్. రాష్ట్రం తన ఇష్టం వచ్చినట్టు పన్ను పెంచుకోగలిగిన వస్తువులు ఇవే మిగులుతాయి. 2015లోనే పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్ వేశారు. ఖజానా బిగుసుకుంటే చెయ్యి మళ్లీ అటే వెళ్తుంది. డీజిల్ పెరిగితే రొయ్యల చెరువు మీద ఇంజను ఖర్చు, పడవ ఖర్చు, ఆటో కిరాయి అన్నీ పెరుగుతాయి. ఇక మద్యం ఆదాయం మీద ఆధారపడిన ఖజానా పేద కుటుంబాలకు ఏం చేస్తుందో మన ఆడవాళ్లను అడిగితే చాలు, ఆర్థికవేత్తలు అక్కర్లేదు.

రాజకీయం కూడా ఒక మాట అనుకోవాలి. పెద్ద నోట్లు రద్దు చేయమని అక్టోబరులో ప్రధానికి ఉత్తరం రాసింది మన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే. ప్రకటన రాగానే స్వాగతించారు. డిసెంబరు వచ్చేసరికి కష్టాలు తీరడం లేదని గొంతు మార్చారు. మధ్యలో డిజిటల్ చెల్లింపుల మీద ముఖ్యమంత్రుల కమిటీకి కన్వీనరయ్యారు. ఆ కమిటీ జనవరి 24న ఇచ్చిన మధ్యంతర నివేదికలో బ్యాంకులో 50,000 దాటిన నగదు లావాదేవీ మీద పన్ను వేయమని, చిన్న వ్యాపారులకు స్మార్ట్‌ఫోన్‌కు 1,000 రూపాయలు సాయం చేయమని ఉంది. ప్రత్యేక హోదా పోయి ప్యాకేజీ వచ్చిన రాష్ట్రం అప్పట్లో కేంద్రంతో గట్టిగా మాట్లాడలేని స్థితిలో ఉండేది, అది అర్థం చేసుకోవచ్చు. కానీ నోట్ల రద్దు వల్ల రాష్ట్రానికి ఎంత పోయిందో, ఎవరికి పోయిందో రంగాలవారీగా ఒక శ్వేతపత్రం ఇచ్చే బాధ్యత బడ్జెట్ రోజునైనా తీర్చుకోవాల్సింది.

దివిసీమకు నోట్ల రద్దు జ్ఞాపకం ఇంకోటి ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత రెండు నెలలు కాకముందే, 1978 జనవరి 16న మొరార్జీ ప్రభుత్వం 1000, 5000, 10,000 నోట్లు రద్దు చేసింది. ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయి శవాలు వెతుక్కున్న ఈ సీమకు ఆ రద్దు అంటనే లేదు. అప్పట్లో వెయ్యి నోటు కూలి మనిషి చేతిలోకి వచ్చేది కాదు. ఈసారి రద్దయిన 500 నోటు మూడు రోజుల కూలి డబ్బు. రెండు రద్దుల మధ్య తేడా అంతా అందులోనే ఉంది. ఇంకో విచిత్రం, 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టింది మన బందరులోనే. బ్యాంకు పుట్టిన జిల్లాలోనే బ్యాంకు ముందు చెప్పులు వరస పెట్టి నిలబడ్డాం.

మన కుటుంబాల సంగతికొస్తే, బందరు రోల్డ్ గోల్డ్ పని, పెడన కలంకారీ అద్దకం, దూదేకుల పరుపుల పని, మాంసం కొట్టు, టైలరింగ్, వీటిలో ఎక్కువ భాగం వారం కూలి లేదా పీసు లెక్క. చేతికి రెండు వేల నోటు ఇచ్చి నలుగురినీ పంచుకోమన్న రోజులు చూశాం. కొత్త 500 వచ్చేదాకా ఆ నోటు ఉన్నా లేనట్టే. వడ్డీ వద్దనుకుని ఇంట్లోనే దాచుకున్నవాళ్లు, నిఖా కోసం అమ్మీజాన్ బియ్యం డబ్బాలో పోగేసిన సొమ్ము, అవన్నీ ఒక్కరోజులో లెక్క చెప్పాల్సిన డబ్బయిపోయాయి. పెళ్లికి 2.5 లక్షలు తీసుకోవచ్చన్నారు కానీ అడిగిన రశీదులు, పత్రాలు చూసి చాలామంది వెనక్కి తిరిగారు.

బడ్జెట్‌లో మైనారిటీ సంక్షేమం కింద అంకె ఎంతన్నది నాకు రెండో విషయం. అప్పటి దుల్హన్ పథకం 50,000, స్కాలర్‌షిప్పులు, మైనారిటీ ఫైనాన్స్ కార్పొరేషన్ సబ్సిడీ లోన్లు, ఇవన్నీ ఖజానా దగ్గర విడుదల కావాల్సి ఉండేది. ఆదాయం తగ్గినప్పుడు జీతాలు ఆపలేరు, వడ్డీలు ఆపలేరు, రైతు రుణమాఫీ వాయిదా ఆపితే గొడవ. ఆగేది ఇలాంటి చిన్న పద్దులే. పథకం రద్దు చేశామని ఎవరూ చెప్పరు, బిల్లు పెండింగ్ అంటారు, అంతే. నిఖా అయిపోయి బిడ్డ పుట్టాక వచ్చే దుల్హన్ డబ్బు ఎవరికి? సబ్సిడీ లోన్లకైతే ముందు బ్యాంకు ఒప్పుకోవాలి. రెండు నెలలు పాత నోట్లు లెక్కపెట్టిన బ్యాంకు సిబ్బంది మన దరఖాస్తులు ఎన్ని చూశారో ఊహించుకోవచ్చు. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. మంజూరై డబ్బు రానివాళ్లు ఇప్పుడే కార్పొరేషన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి రశీదు తీసుకోవడం మంచిది.

కౌలు రైతుల విషయంలో చేయగలిగింది ఒకటుండేది, దానికి కొత్త డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. 2011 చట్టం ప్రకారం అప్పట్లో ఇచ్చిన రుణ అర్హత కార్డు ఖరీఫ్‌కు ముందే అందితే, దాని మీద బ్యాంకులు నిజంగా అప్పిస్తే, జూన్‌లో మళ్లీ వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కే పని కొంతయినా తగ్గేది. మన ఎమ్మెల్యేలను, మండల ఆఫీసును అడగాల్సింది ఇదీ. కార్డులు ఎన్ని ఇచ్చారన్నది కాదు, ఎన్ని కార్డుల మీద అప్పు పుట్టిందన్నది అడగాలి.

చివరగా గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకు ఒక ముఖ్య విషయం. 2016 నవంబరు 9 నుంచి డిసెంబరు 30 దాకా దేశంలో లేని ఇక్కడి నివాసులు పాత నోట్లు జమ చేసుకోవడానికి గడువు 2017 మార్చి 31 వరకే ఉండేది. ప్రవాస భారతీయులకైతే ఆ ఏడాది జూన్ 30 వరకు ఉండేది, కానీ వాళ్లకు 25,000 రూపాయల పరిమితి, విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ప్రకటించిన పత్రం ఉండాల్సి వచ్చేది. ఇది మామూలు బ్యాంకుల్లో జరగలేదు. ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, నాగపూర్, చెన్నై రిజర్వ్ బ్యాంకు కార్యాలయాల్లోనే. మనకు దగ్గర చెన్నై. పాస్‌పోర్టు, ఆధార్ దగ్గర పెట్టుకుని వెళ్లాల్సి ఉండేది. గడువు దాటాక పదికి మించి పాత నోట్లు ఇంట్లో ఉంచుకుంటే 2017 చట్టం ప్రకారం జరిమానా పడవచ్చు.